జర్మనీ తాత లేచి నిలబడిన రోజు

నా చిన్నప్పుడు, రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో, మేము బహ్రెయిన్‌లోని రిఫాలో ఉండేవాళ్ళం. కింది ఫ్లాట్‌లో, ఇంజనీరుగా పనిచేసే తన కూతురి దగ్గర ఒక ముసలాయన ఉండేవాడు. నాకు ఆయన జర్మనీ తాత. కుర్రతనంలోనే కమ్యూనిస్టై, నాజీల కాలంలో జైలుకెళ్ళి, తర్వాత తూర్పు జర్మనీ తరఫున రాయబారిగా దేశదేశాలు తిరిగాడట. ఆ దేశం కాస్తా పటంలోంచి పోయింది. "లేని దేశానికి రాయబారి ఏంది?" అని మా అమ్మ నవ్వేది. ఆ మాట నేను వచ్చీరాని ఇంగ్లీషులో చెబితే తాత ఇంకా గట్టిగా నవ్వాడు.

ఆ ఎండాకాలం అస్కర్ అనే ఊళ్ళో, మా నాన్న ఫోర్‌మన్‌గా ఉన్న కూలీల క్యాంపులో నీళ్ళ కూలర్ చెడిపోయింది. అందరూ వేడినీళ్ళే తాగుతున్నారు. నేను మామ అని పిలిచే ఒకాయన డ్యూటీలోనే సొమ్మసిల్లి పడిపోయాడు. నాన్న మేనేజరు గదికి వెళ్ళడం, చేతులు కట్టుకుని నిలబడడం, సగం మాట మింగి తిరిగిరావడం. అమ్మ దగ్గర మాత్రం గొంతు బాగానే లేచేది. ఈ సంగతి నా నోటి నుంచి తాతకు చేరింది. ఆయన మేనేజరును, నాన్నను, పడిపోయిన ఆ మామను శుక్రవారం టీకి పిలిచాడు.

మేనేజరు వస్తూనే సోఫాలో కూర్చున్నాడు. నాన్న, మామ తలుపు దగ్గరే ఆగిపోయారు. తాత ఎంత పిలిచినా కూర్చోలేదు. "సారు ముంగట మేమెట్ల కూసుంటం బిడ్డా?" అన్నాడు మామ నాతో. ఇంట్లో కాలు మీద కాలేసుకునే నాన్న అక్కడ గోడకు అతుక్కుపోతే నాకు ఏడుపొచ్చింది.

తాత బలవంతం చేయలేదు. చేతికర్ర ఊతంతో మెల్లగా లేచి, వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడ్డాడు. ఎనభై దాటిన మనిషి, నిలబడే ఉన్నాడు. ఇక మేనేజరు ఎలా కూర్చుంటాడు? ఆయనా లేచాడు. కాసేపు అందరం నిలబడే టీ తాగాం. చివరికి మేనేజరే ఇబ్బందిగా నవ్వి, నాన్న భుజం పట్టుకుని, "బైఠో భాయ్" అని సోఫాలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

కూర్చున్నాక నాన్న గొంతు పెగిలింది. చెప్పాల్సిందంతా చెప్పాడు. ఆ వారంలోనే క్యాంపుకు కొత్త కూలర్ వచ్చింది. నాన్న అందులోని నీళ్ళు ఒక సీసాలో పట్టుకొచ్చి తాతకిస్తే, ఆయన మందులా గుటక గుటకగా తాగాడు.

ఎందుకలా లేచావని తర్వాత అడిగాను. జైల్లో తనను ప్రశ్నించేవాళ్ళు కూర్చునేవాళ్ళట, తను నిలబడేవాడట. అలా నిలబడ్డ మనిషికి సగం మాటలు లోపలే ఉండిపోతాయని చెప్పాడు.

ఇప్పుడు నా తలా నెరుస్తోంది, నాకూ ఒక ఆఫీసు గది ఉంది. ఎవరైనా చేతులు కట్టుకుని తలుపు దగ్గర ఆగిపోతే నేను కుర్చీలోంచి లేస్తాను. వాళ్ళు కూర్చున్నాకే కూర్చుంటాను.