గదిలోకి వచ్చిన కుర్చీ

అండాలమ్మ ఆ కుర్చీని చూస్తేనే మొహం పక్కకు తిప్పుకునేది. కూర్చునే చోట గుండ్రటి కంత, దాని కింద నీలం బకెట్టు. ఎదురుగా గోడకు వేంకటేశ్వరస్వామి పటం! అన్నం తిన్నచోటే, దండం పెట్టుకున్నచోటే ఈ పాడుపనా అని ఒళ్లు జలదరించేది.

అది కొన్నది కోడలు జ్యోతిక, ప్రేమతోనే. నల్గొండ దగ్గరి పల్లె విడిచి పట్నం వచ్చాక చైతన్యపురి హాస్టల్లో వంటమనిషిగా ఏళ్ల తరబడి పొయ్యి ముందు నిలబడీ నిలబడీ అత్త మోకాళ్లు అరిగిపోయాయి. బాత్రూమేమో వరండా చివర.

"నువ్వు లెవ్వకత్తమ్మా, నేనున్న గద," అని జ్యోతిక మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే తెచ్చేది. కొడుకు జగన్ అన్నం పళ్లెం ఒళ్లో పెట్టేవాడు. పక్కింటి ముత్తమ్మ దేవుడికి పూలు కోసిచ్చేది. అలా అండాలమ్మ గడప దాటడమే మానేసింది.

ఆ రోజు జ్యోతిక పనికి పోయింది. బకెట్టు కంపు గదంతా కమ్మింది. కోడలి చేత మళ్లీ ఎత్తించడం కంటే చావు నయమనిపించి, తనే ఎత్తబోయింది. తూలి, గోడకు చెయ్యి అడ్డం పెట్టిందంతే, మణికట్టు పుటుక్కుమంది. బకెట్టు చీర మీదే ఒలికింది. కేక విని వచ్చిన ముత్తమ్మ ముక్కైనా మూసుకోకుండా అంతా కడిగింది. అది చూసి అండాలమ్మకు తన మీద తనకే రోత పుట్టింది.

"గోడకు తాకితేనే బొక్క ఇరుగుతదా మేడమ్?" ఎల్బీనగర్ దవాఖానలో జగన్ అడిగాడు.

"ఎముకలు గుల్లబారాయి బాబూ. మోకాళ్ల అరుగుదల వేరు, ఇది వేరు. కానీ ఆ మోకాళ్ల నొప్పికి భయపడి కదలనివ్వకపోతే ఇది ఇంకా పెరుగుతుంది. మందులిస్తాను. కాస్త నొప్పున్నా, పట్టుకుని మెల్లగా నడిపించండి," అంది డాక్టరమ్మ.

"మంచిగనే చూసుకున్నం గద..." జ్యోతిక అత్త పైట సర్దింది.

"చూసుకున్నరు బిడ్డా. దేవుని పటం లెక్క గోడకు తగిలిచ్చిన్రు," అంది అండాలమ్మ.

మర్నాడు పొద్దున్నే ఆమె కుర్చీ వైపు చూడకుండా, కట్టు లేని చేత్తో కోడలి భుజం పట్టుకుని లేచింది. అడుగు తీసి అడుగు వేస్తే మోకాళ్లు కరకరలాడాయి. వరండా సగంలో ఆగి, గోవిందా అనుకుని, మళ్లీ కదిలి బాత్రూంలోకి పోయింది.

"గడియ పెట్టకత్తమ్మా, పడితే ఎట్ల?"

లోపల గడియ పడిన చప్పుడైంది.

"అత్తమ్మా! అయిందా?"

"అయితదిగని, నువ్వు జర దూరం జరుగు. గట్ల చెవులు రిక్కిచ్చి నిలబడితే నాకెట్లయితదే?"

జ్యోతిక రెండడుగులు వెనక్కి వేసింది.