పొయ్యి రాజేయక ముందు

దిగ్నాకు నెత్తురు చూసి ఏనాడూ రోత పుట్టలేదు. ఇరవై ఆరేళ్ళ నర్సు ఉద్యోగంలో ఆమెకు రోత పుట్టించింది మందుల అల్మరా తలుపు వెనక అంటించిన ఓ కాగితం.

కడుపుతో ఉండగా షుగరు వచ్చిన ఆడవాళ్ళ పేర్లున్నాయి దాని మీద. ఎవరికి పథ్యం సరిపోతుంది, ఎవరు ఇన్సులిన్ సూది దాకా వెళ్తారు అని నర్సులు పందెం కాసుకునేవారు. గెలిచినవాళ్ళకు బుట్టెడు చీపా రొట్టెలు. డాక్టర్ ఇన్స్‌ఫ్రాన్ కూడా వస్తూ పోతూ ఓ పేరు మీద వేలు పెట్టేవాడు. అందరూ లావుపాటివాళ్ళ మీదే కాసేవారు. మనుషుల్ని సంతలో పందుల్లా అంచనా కడుతుంటే దిగ్నాకు ఒళ్ళు మండేది.

నీమియా మీద ఎవరూ కాయలేదు. ఎండుపుల్లలాంటి పిల్ల, ఏడో నెల. క్రితంసారి నాలుగున్నర కిలోల బిడ్డ కడుపులోనే పోయింది. ఈసారి పథ్యం చేస్తున్నా, తొంభై అయిదు దాటకూడని పరగడుపు షుగరు నూట పదికి అటూ ఇటూగా ఉంటోందని దిగ్నా అంటే డాక్టరు నవ్వేశాడు.

"పొద్దున్నే కోసీదో తాగొచ్చుంటుంది. వీళ్ళకది తిండి కిందికి రాదు."

చక్కెర మాడ్చి కాచే ఆ కషాయం తాగి, పరగడుపేనని ఒట్టు పెట్టేవాళ్ళు ఊళ్ళో ఉన్నమాట నిజమే. కానీ తాగావా అని ఆ పిల్లను ఒక్క మాట అడగలేదే, ఆయన చదువు తగలెయ్య!

"అందరికన్నా ముందు సూది పడేది ఆ పిల్లకే," అంది దిగ్నా కసిగా.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కా?" అంటూ తోటి నర్సు ఒబ్దూలియా కాగితం మీద ఏదో రాసుకుంది.

మర్నాటి నుంచి మూడు రోజులు, నీమియా పొయ్యి రాజేయక ముందే దిగ్నా షుగరు చూసే మిషను పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. పొయ్యిలో బూడిద చల్లగా ఉందో లేదో చేత్తో తాకి చూసి మరీ ఆ పిల్ల వేలికి సూది గుచ్చింది. నూట పన్నెండు. నూట తొమ్మిది. నూట పద్నాలుగు.

"ఈ బిడ్డన్నా దక్కుతుందా అత్తా?" అని అడిగింది నీమియా. దిగ్నా ఆ అంకె రాసుకుని మిషను సంచిలో పెట్టుకుంది.

ఆ అంకెలు డాక్టరు ముందు పెట్టి, బూడిద తానే తాకి చూశానని చెప్పింది. తప్పయిందన్న మాటైనా లేకుండా ఆయన ఇన్సులిన్ రాశాడు. మొదటి సూది దిగ్నాయే వేసింది.

గది బయటికొస్తే ఒబ్దూలియా బుట్ట తెచ్చి చేతిలో పెట్టింది.

"పందెం నీదేనక్కా. ఆ రోజే నీ పేరు రాసేశాను."

మూడు రోజులుగా తెల్లారకుండానే బయల్దేరుతూ పొద్దున్న ఏమీ తినని కడుపు దిగ్నాది. చీపా వేడివేడిగా జున్ను వాసన కొడుతోంది. బుట్ట తీసి ఒబ్దూలియా మొహాన కొట్టాలనే అనుకుంది. సగం రొట్టె నమిలాక గానీ తను తింటున్నదేమిటో తెలిసిరాలేదు. ఉమ్మేద్దామన్నా అప్పటికే మింగేసింది.