ఏడు పళ్లు, ఎనిమిది పళ్లు

ఇందులో ప్రతి అక్షరం నిజం. నాచారంలో నేను ఇరవై ఏళ్లు గేర్లు కోసిన మిషను మీద ఒట్టు.

పెళ్లయిన కొత్తలో మా ఇద్దరికీ సెలవు ఒక పట్టాన కలిసేది కాదు. ఉప్పల్‌లో ఒక దవాఖానాలో నర్సుగా చేసే మా ఆవిడకు ఆదివారం సెలవు. నాకు ఏడు రోజులు పని, ఎనిమిదో రోజు సెలవు. ఈసారి సోమవారమైతే వచ్చేసారి మంగళవారం. పెళ్లిలో తీసిన ఫొటో రీలు వెలుతురు తగిలి పాడైంది. తలంటుకుని, పెళ్లిబట్టలు కట్టుకుని, తీరిగ్గా స్టూడియోకు వెళ్లి ఇద్దరం ఒక్క ఫొటో దిగాలని ఆవిడ పట్టు.

పక్కింటి అన్న భూకంపాలు కొలిచే ఆఫీసులో ఉద్యోగి. మా గోడు విని, పాతకాలంలో మెక్సికో వైపు ఉండిన మాయన్ల సంగతి చెప్పాడు. వాళ్లకు రెండు లెక్కలట. ఒకటి రెండు వందల అరవై రోజులది, ఇంకొకటి మూడు వందల అరవై అయిదుది. రెండూ పళ్లచక్రాల్లా తిరిగి, ఒకసారి కలిసిన జత మళ్లీ కలవడానికి యాభై రెండేళ్లు పట్టేదట. రోజంటే వాళ్లకు మూట మోసే మనిషి. ఒకరు దించితే ఇంకొకరు ఎత్తుకునేవారు.

"మన ఆయితారం మోసేటోడు యాడ కూసున్నడో," అంది మా ఆవిడ.

పళ్లచక్రాలనగానే నా చేతులు ఊరుకోలేదు. తుక్కు రేకుతో ఏడు పళ్లదొకటి, ఎనిమిది పళ్లదొకటి కోసి, సెలవు పడే పన్నుకు ఎర్రరంగు వేసి వంటింటి గోడకు బిగించాను. రోజుకో పన్ను తిప్పడం ఆవిడ పని. యాభై ఆరు రోజులకోసారి ఎరుపూ ఎరుపూ కలుస్తాయి.

కలిసిన ఆదివారం వచ్చింది. పొద్దున్నే ఆవిడ పెళ్లిచీర ఇస్త్రీ చేస్తుంటే నేను డ్యూటీకి డబ్బా కట్టమన్నాను. అడగకముందే కారణం కూడా చెప్పాను. మాయన్లకు నెలలో మొదటి రోజు ఒకటి కాదు, సున్నా. నా చక్రాన్ని సున్నా నుంచి, ఆవిడ చక్రాన్ని ఒకటి నుంచి మొదలుపెట్టాను. అందుకే ఒక్క రోజు తేడా వచ్చింది. ఆవిడ గోడ వంక చూసి, డబ్బా కట్టింది.

రెండింటికి షిఫ్టు దిగితే ఫ్యాక్టరీ గేటు ముందు ఆవిడ పెళ్లిచీరలో నిలబడి ఉంది. ఇంటికెళ్లి బట్టలు మార్చుకొస్తానన్నాను.

"ఏం మార్చకు, గిట్లనే నడు. మళ్ల సున్నా అడ్డమొస్తది."

ఆ ఫొటో ఇప్పటికీ మా ముందుగదిలో ఉంది. జరీచీర పక్కన నూనె మరకల ఖాకీ చొక్కా.

ఇక ఒట్టు సంగతి. మాయన్ల సున్నా నిజమే. చక్రాల్లో తప్పొక్కటే నా కల్పన; అవి సరిగ్గానే కలిశాయి. శనివారం టీవీలో క్రికెట్ ఉందని, నా ఆదివారాన్ని తోటి ఫిట్టరుకిచ్చి అతని శనివారం తీసుకున్నాను. ఇన్నేళ్లకు ఇది రాసి ఆవిడకు చదివి వినిపించాను.

"అన్నోళ్లింట్ల మ్యాచ్ సూసినవని వదిన గా శనివారం పొద్దుగూకంగనే చెప్పింది," అంది. "లేకుంటే నీ సున్నా నమ్మకుండ గేటుకాడికి ఎందుకొస్త?"