మరియమ్మ వదిన పెంచిన పంది

సహోదరులారా, సహోదరీలారా, ఈ మైకు ముందు నేను నిలబడటం ఇది రెండోసారి. మొదటిసారి అబద్ధం చెప్పాను, ఈ ఆదివారం దాన్ని వెనక్కి తీసుకోవడానికి వచ్చాను. ఆ ధైర్యం ఇచ్చిన దేవునికే మహిమ!

మా ఆయన రైల్వే లోకోషెడ్డులో రిటైరై, క్వార్టరు ఖాళీ చేశాక మంగ్లా చివర ఇల్లు కట్టుకుని పందులు పెంచుతున్నామని మీకు తెలుసు. కిందటేడు కోతల తర్వాత మా పెరటికి చీకటి కాలం వచ్చింది, మూడు నెలల ఆడ పందిపిల్లలకు వెనక భాగం ఎర్రగా వాచి, ఈడు రాకుండానే ఎదకు వచ్చినట్టు కనిపించాయి, పెద్ద పందులేమో పోతుకు కట్టించాక మళ్లీ ఎదకు రాలేదు గనుక చూలు నిలిచిందని నేను సంతోషపడి ఇక్కడి పెట్టెలో కృతజ్ఞత కానుక కూడా వేశాను, తీరా నాలుగు నెలలు దాటినా ఒక్క పంది ఈనలేదు, ఒక్క పిల్ల లేదు! కడుపుతో ఉన్నాయనుకున్నవి అసలు కడుపుతోనే లేవు!

అప్పుడు నేనేం చేయాలి? ఎందుకిలా అయిందని వెతకాలి. నేను మనిషిని వెతికాను. మా ఇంట్లోనే ఉన్న మా ఆయన అక్క, మరియమ్మ వదిన, పిల్లలు కలగని మనిషి, పొద్దస్తమానం ఆ దొడ్డి దగ్గరే ఉండేది, ఇంకేం కావాలి? ఆడవాళ్ల కూడికలో ఈ మైకు పట్టుకుని గట్టిగా ప్రార్థన చేశాను: "ప్రభువా, మా ఇంట్లో కడుపు పండని కన్ను ఒకటి ఉంది, దాన్ని నా పందుల మీదనుంచి తీసేయి తండ్రీ!" మీలో చాలామంది ఆమేన్ అన్నారు. వదిన నా వెనక వరుసలోనే కూర్చుని ఉంది.

మరునాడు పొద్దున్నే సంచి సర్దుకుని బోద్రీలో ఉన్న చిన్న తమ్ముడి ఇంటికి బయల్దేరింది. ఏడవలేదు. గుమ్మం దగ్గర ఆగి ఒక్క మాట అంది: "సిట్టికి మొక్కజొన్న పెట్టకు మరదలా, గంజీ తవుడే పెట్టు. ఆ మొక్కజొన్న ముక్కిన వాసనొస్తందని మొదట్నుంచీ సెప్తున్నాను, ఇన్నావేటి?"

చిట్టి అంటే ఆ వాచిన పిల్లల ఈతలోనే పుట్టిన బక్క పిల్ల. తొట్టి దగ్గర మిగతావి నెట్టేస్తుంటే వదిన దాన్ని వంటింటి వెనక విడిగా కట్టి గంజితో పెంచింది.

కన్ను బోద్రీ వెళ్లిపోయింది, వాపు మాత్రం మంగ్లాలోనే ఉంది! అయినా నాకు బుద్ధి రాలేదు. ఎవరో బైబిల్లో దయ్యాలు దూరి నీళ్లలోకి దూకిన గెరాసేనుల పందుల కథ గుర్తు చేస్తే, దయ్యాలే దూరాయని ఉపవాసం పట్టాను. మా ఆయన నవ్వాడు. "దయ్యాలు దూరితే అర్పా నదిలోకి దూకాల కదేటే కరుణా, ఇవి తొట్టి వదిలి కదలవేటి?" అని, నన్నడక్కుండానే పశువుల డాక్టరమ్మను తీసుకొచ్చాడు.

ఆవిడ హిందీ మనిషి. పందులన్నీ చూసి చిట్టి దగ్గర ఆగింది. ఇదొక్కటీ ఇంత బాగుందేమని అడిగింది. మా వదిన పెంచుకున్నదన్నాను. "అచ్ఛా, ఏం తింటుంది?" అంది. గంజి అన్నాను. "మరి మిగతావి?"

ఆ ప్రశ్న దగ్గరే నాకు తెలిసొచ్చింది సహోదరులారా! ఆ కన్ను అందరికంటే ఎక్కువ చూసింది చిట్టినే కదా! రోజంతా చూసింది, ఒళ్లో పెట్టుకుని చూసింది, ఆ కంటికే శక్తి ఉంటే మొదట వాడిపోవలసింది చిట్టి కాదా? దేవుడు సాక్ష్యాన్ని నా వంటింటి వెనకే కట్టి ఉంచితే, నేను మోకాళ్ల మీద కళ్లు మూసుకుని ఉన్నాను! దేవుడు మనకు తల ఇచ్చింది ప్రార్థనలో కొంగు కప్పుకోవడానికేనా?

బస్తా విప్పి చూపించాను. రతన్‌పూర్ నుంచి తెచ్చిన మొక్కజొన్న, కోతల మీద వాన పడి తడిసింది, ఆరబెట్టకుండా ప్లాస్టిక్ సంచుల్లో బిగించి కట్టింది నేనే. గింజల మొదట్లో గులాబీ రంగు బూజు. ఉడకబెట్టే పెట్టానండీ అన్నాను. ఉడికిస్తే బూజు చస్తుంది గానీ అది వదిలిన విషం చావదని చెప్పి, ఆవిడ గింజలు పరీక్షకు పంపింది, అనుకున్నదే తేలింది. జీరాలెనోన్ అట, నోరు తిరగడానికి నాకు రెండు రోజులు పట్టింది. అది ఆడ హార్మోనులా వేషం వేసుకుని ఒంట్లో తిరుగుతుందట, ఒళ్లు మోసపోయి చూలు లేకుండానే చూలనుకుంటుందట. బస్తాలన్నీ పారేయించింది. కొన్ని వారాల్లో వాపులు తగ్గాయి, పందులు మళ్లీ సరిగ్గా ఎదకు వచ్చాయి, స్తోత్రం! ఒకటి మాత్రం ఇంకా కోలుకోలేదు, అదీ చెప్పాలి.

నేనూ మా ఆయనా బోద్రీ వెళ్లాం. వదిన నన్ను చూసి, "ఏటి, ఇంత దగ్గరకొచ్చినావు? నా కన్ను తగలగలదు, ఎనక్కి నిలబడు మరదలా" అంది. కాళ్ల మీద పడ్డాను. లేవదీసింది గానీ రానంది. "నువ్వన్నది మైకులో. సెవిలో సెప్తే ఎలా సెల్లుతాది? మైకులోనే సెప్పు, అప్పుడొస్తాను." వెనక్కి వస్తుంటే మాత్రం, "సిట్టి తింటందా?" అని అడిగింది.

మూడు నెలలు వాయిదా వేశాను సహోదరులారా. పందులు బాగయ్యాయి, నా గర్వమే బాగవలేదు. ఇప్పుడు చిట్టి చూలుతో ఉంది, ఈసారి నిజం చూలే, డాక్టరమ్మ చూసి చెప్పింది, ఈ వారంలోనే ఈనుతుంది. వదిన చేతుల్లో పెరిగినది ఆమె చేతుల్లో ఈనకపోతే నాకు ఆ ఇంట్లో ముద్ద దిగదు.

అందుకే అందరి ముందూ చెప్తున్నాను: మా వదిన కంట్లో దోషం లేదు, ఏ గొడ్రాలి కంట్లోనూ లేదు, నేను చెప్పింది అబద్ధం, ఆమేన్ అన్న మీరూ ఆ ఆమేన్ వెనక్కి తీసుకోండి. దేవుణ్ణి నమ్మండి, ఆయన నన్ను విడిపించింది దయ్యం నుంచి కాదు, పక్కమనిషి మీద భయం నుంచి. గింజ ఆరబెట్టుకోండి, బూజు పట్టింది పారేయండి, ఎవరినైనా అన్యాయంగా అని ఉంటే అన్నచోటే దిద్దుకోండి.

వదినా, చివరి వరుసలో తలుపు పక్కన కూర్చున్నావు, చూశాను. మైకులోనే చెప్పాను కదా, ఇంటికి పద. చిట్టి ఈనాక సంఘమంతా కూడా రండి, దాని పిల్లల్ని కళ్లారా చూడండి, ఎన్ని కళ్లుంటే అన్నీ తీసుకురండి. ఇక ఏ కంటికీ మా దొడ్డి తలుపు మూయను. ఆమేన్!