కరెంటు పోయినా పలికిన తీగ

మా వదిన పోయింది. మూలకుళంలో ఆమె పక్కింటావిడ సాయంత్రం మనిషిని పంపితే తెలిసింది. నేను వెళ్లేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి, అడగకుండానే చెప్పుకుపోతోంది. "పొద్దున్నించి రేడియో పాడతానే ఉండె కదమ్మా. ఉండాదిలే అనుకొంటి. తలుపు తట్టలేదమ్మా." మధ్యలో స్టేషన్ మూసిన వేళ గరగర కూడా వినబడిందట. అప్పుడూ ఆవిడకి ఏమీ తోచలేదు. ఆ మాట నాకు ముల్లులా ఎందుకు దిగబడిందో మీకు చెప్పాలంటే, వదిన చేసిన ఉద్యోగం గురించి చెప్పాలి.

డెబ్భైల్లో ఆమె తట్టాంచావడిలో ఒక రంగుల ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. బజారులో ఇనప సామాను అమ్ముకునే ఇంట్లో కోడలు ఉద్యోగానికి పోవడం పెద్దవాళ్లకు మింగుడుపడలేదు. మా అన్న మాత్రం రోజూ సైకిలు మీద దింపి వచ్చేవాడు. అన్న పోయాక, పిల్లలు లేని ఆమెకు ఆ ఉద్యోగమే తోడైంది. తర్వాత నేనూ అక్కడే అకౌంట్స్‌లో చేరాను. తమిళ బళ్లో చదివిన వదినకు తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. ఇది చదివి వినిపిస్తే సగంలోనే "చాల్లేవే, ఎవురి గురించి ఇదంతా" అని లేచి వెళ్లిపోయేది.

ఎనభైల్లో ఫ్యాక్టరీకి యునిక్స్‌తో నడిచే కంప్యూటరు వస్తే దాన్ని ఆమెకే అప్పగించారు. స్టోర్స్, కాటా, బాయిలర్, చిట్టచివర రంగు పలచన చేసే సాల్వెంట్ల గోదాము, ప్రతిచోటా తెరా కీబోర్డూ ఉన్న ఒక టెర్మినల్ ఉండేది. దాని తీగ వచ్చి కంప్యూటరు వెనక పోర్టు అనే ఒక కంతలో దిగేది. వదిన ఒక షెల్ స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రాము, రాసింది. అది వరసగా ఒక్కో పోర్టులోకి ఒక మాట పంపుతుంది. అవతల టెర్మినల్ నడుస్తుంటే ఆ మాట తిరిగొస్తుంది, తెర మీద 'ఓకే' పడుతుంది. రాకపోతే 'నో'.

"హాజరు వేశావా పంతులమ్మా?" అని ఏడిపించేదాన్ని.

"పలకనోడి చెవి మెలేస్తా, నీకేంది?" అనేది. మెలేసేది కూడా, ఫోనులో. ఎక్కువ తిట్లు తిన్నది గోదాము స్టోర్‌కీపరు. పెద్దాయన, అందరికీ అన్న. భోజనం కాగానే టెర్మినల్ ఆపేసి కునుకు తీసేవాడు. అలాంటిది ఉన్నట్టుండి ఆయన లైను బుద్ధిమంతురాలైంది. ఎప్పుడు చూసినా ఓకే.

సాల్వెంట్ల ఆవిరితో ఆ గోదాములో గాలి మంచిది కాదు. ఫ్యాను ఆగితే వెంటనే బయటికి రావాలని కట్టడి. ఒక మధ్యాహ్నం, ఆకు కదలని ఉక్కలో, ఫ్యాక్టరీ అంతా కరెంటు పోయింది. కంప్యూటరు ఒక్కటే బ్యాటరీ మీద నడుస్తోంది. తెర మీద స్టోర్స్ నో, కాటా నో, బాయిలర్ నో. గోదాము ఓకే.

"పోన్లే, గోదాము ఒక్కటన్నా బాగుంది" అన్నాను.

వదిన కుర్చీ వెనక్కి తోసి లేచింది. "కరెంటు లేదు గదే. మరి యెవురు పలకతా ఉండేది?"

చెప్పులు కంప్యూటరు గది బయట విడవాలని నియమం. వాటి వంక చూడకుండా, ఒట్టి కాళ్లతో కంకర మీద పరిగెత్తింది. నేనూ బాయిలర్ మనుషులూ వెనకే. తలుపు వేసి ఉంది. లోపల ఆయన బల్ల మీద తల వాల్చి ఉన్నాడు, పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. నలుగురం బయటికి లాగాం. టెర్మినల్ వెనక తీగ ఊడదీసి, దాని కొనకు వంచిన ఇనప ముక్క పెట్టి ఉంది. వెళ్లిన మాట ఆ ముక్క మీదుగా తిరిగొచ్చేస్తోంది, అంతే. టెర్మినల్‌తో పనిలేదు, కరెంటుతో పనిలేదు, మనిషితో అసలే పనిలేదు.

ఆయన బతికాడు. దగ్గు మాత్రం పోలేదు. వదిన ఆయన్ని ఒక్క మాట అనలేదు. "నా పోరు పడలేక పెట్టినాడు పాపం" అంది. స్క్రిప్టును మార్చేసింది. అప్పట్నుంచి ప్రతి టెర్మినల్‌లోనూ "తిన్నావా?" అని ఇంగ్లీషు అక్షరాల్లో అడిగించేది, అక్కడి మనిషి తోచిన జవాబు కొట్టాల్సిందే. "పలుకు వేరే, మనిషి వేరే" అనేది. ఆ తర్వాత ఎవరింటికి వెళ్లినా వీధిలోంచి కేకేసేది కాదు. లోపలికొచ్చి, ముఖం చూసి పోయేది.

"నన్నూ చెక్ చేయడానికి వచ్చావా వదినా?"

"నీకు ఇనప ముక్క పెట్టే తెలివి యాడుండాది?"

అందరి ముఖాలూ చూసొచ్చిన మనిషి ముఖం, ఆమె పోయిన రోజు మాలో ఒక్కరమూ చూడలేదు. పొద్దునే చూసి ఉంటే ఏమయ్యేదో డాక్టర్ని అడగలేదు. అడగడానికి భయం వేసింది.

ఆ సాయంత్రం చీకటి పడుతుండగా స్టోర్‌కీపరు అన్న దగ్గుకుంటూ వచ్చాడు. వదిన కాళ్ల దగ్గర కూర్చోబోతుంటే కరెంటు పోయింది. పైన ఫ్యాను మెల్లగా ఆగింది. వంటింటి కిటికీలో బ్యాటరీ రేడియో మాత్రం ఆగలేదు. అప్పటిదాకా ఎవరికీ దాన్ని ఆపాలని తోచలేదు.

"ఇంగా పలకతానే ఉండాది" అన్నాడాయన, గోడ పట్టుకుని.

దాన్ని ఆపడానికి మాలో ఒక్కరూ లేవలేదు. చీకట్లో ఆ పాట అయిపోయింది. ఇంకో పాట మొదలైంది.