బ్యాగులు తగిలించుకున్న పద్నాలుగు మంది

ఇల్లందు గని కార్మికుడి కూతుర్ని. బొగ్గుబాయిలో, అంటే గనిలో, దయ్యాలున్నాయని నాన్న స్నేహితులు చెప్పేవాళ్లు. చిన్నప్పుడు కూడా నేను నమ్మలేదు.

ఖమ్మంలో ఒక కిరాయి ఇంట్లో నా స్నేహితురాలు సునీతక్క, నేను కలిసి చిన్నపిల్లల బడి పెట్టాం. బడి కాగితాలన్నీ అక్క పేరు మీదే. నర్సరీ నుంచి యూకేజీ దాకా క్లాసులు నావి. పదకొండేళ్లు నడిచింది.

ఆ రోజు అక్క పనుందని బయటికెళ్లింది. ఆయా సెలవు. మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెట్టి, గది తలుపు ఎదురుగా వరండాలో కూర్చుని అన్నం తిన్నాను. పావుగంట పట్టిందేమో. ఆ గదికి అదొక్కటే తలుపు. ఎవరూ లోపలికి వెళ్లలేదు.

చేయి కడుక్కుని లోపలికి వెళ్లాను. పద్నాలుగు మందీ గోడవారగా వరుసగా కూర్చున్నారు. భుజాలకు బ్యాగులు. కాళ్లకు బూట్లు. లేసులన్నీ ముడేసి ఉన్నాయి. వాళ్లలో ఒక్కరికీ లేసు కట్టుకోవడం రాదు. ఒక్కరూ అల్లరి చేయడం లేదు.

"ఎవరు తొడిగిండ్రమ్మా?" అన్నాను.

"ఆయమ్మ," అంది నాలుగేళ్ల హర్షిత. "బడి అమ్మేసిండ్రంట టీచర్. జల్దీ సర్దుకోమన్నది."

"ఆయమ్మ ఇయ్యాల రాలేదు గదా?"

"గా ఆయమ్మ కాదు. చేతి మీద పచ్చగ తేలుంటది, గా ఆయమ్మ."

తేలు పచ్చబొట్టు ఉన్నది మా మొదటి ఆయా లక్ష్మమ్మకు. ఆమె దవాఖానాలో చనిపోయి అప్పటికి రెండేళ్లు. ఈ పిల్లలెవరూ ఆమెను చూడలేదు. బడిలో ఆమె ఫొటో కూడా లేదు.

సాయంత్రం అక్కకు చెప్పాను. నవ్వింది. నా తల మీద చెయ్యి పెట్టింది. "నీ మీద ఒట్టు. బడి ఎందుకమ్ముత? పిల్లల మాటలు పట్టుకుంటవా?"

నమ్మాను. పసిపిల్ల అబద్ధం చెప్పిందని హర్షిత వాళ్లమ్మకు కూడా చెప్పాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పది రోజులకు గేటు మీద వేరే స్కూల్ బోర్డు ఎక్కింది. కొత్తవాళ్ల టీచర్ల లిస్టులో నా పేరు లేదు. అక్క ఇంటికి వెళ్లాను. అక్క తల ఎత్తలేదు.

"అవ్, సంతకం పెట్టిన. నీకెట్ల చెప్పాల్నో తెల్వలే."

"ఎప్పుడు?"

పిల్లలు బ్యాగులతో కూర్చున్న ఆ రోజేనంది. పిల్లలు పడుకునే వేళకే.

"ఎవరికన్న చెప్పినవా అక్కా?"

"మా ఆయనకు గూడ చెప్పలే."

లేచి వచ్చేశాను. మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఇప్పుడు భద్రాచలంలో ఒక బడిలో చేస్తున్నాను. మొన్న బస్టాండులో హర్షిత కనిపించింది. మూడో తరగతట. ఆ రోజు సంగతి అడిగితే ఏమీ గుర్తులేదంది. వాళ్లమ్మ మాత్రం నన్ను పక్కకు పిలిచింది. ఆ సాయంత్రం ఆ ముడులు తను ఎంత లాగినా విప్పలేకపోయిందట, లేసులు కత్తిరించాల్సి వచ్చిందట.

బస్సు వచ్చింది, ఎక్కేశాను.