చప్పుళ్ల బావ

మా బావకి చప్పుళ్లు వినిపిస్తాయి. దయ్యాలవీ భూతాలవీ కావు. అవైతే ఏదో ఒక వైద్యం దొరికేది. ఈయనకి వినిపించేవి యంత్రాల చప్పుళ్లు. మన చెవికి గుట్టుగా తిరిగే ఫ్యానులో ఆయనకి బేరింగు ఏడుపు వినిపిస్తుంది. ఎవరింటికి వెళ్లినా కుశలప్రశ్నలకంటే ముందు తల ఓ పక్కకి వాల్చి, "మీ ఫ్రిజ్ ఆయాసపడుతోంది" అంటాడు. అగ్గిపెట్టెంత కొట్టులో పాతికేళ్లుగా వాచీలు బాగుచేస్తూ ఆ చెవులు అలా తయారయ్యాయని మా అందరి అనుమానం.

ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకుని, సీలింగు ఫ్యాను వైపు వేలు చూపించి "ఆ... ఆ..." అని గింజుకున్నాడు. నొప్పేమోనని డాక్టరు ఇంకో మత్తుసూది పొడిచాడు. మూతి వంకరతో మూడు గంటలు ఇంట్లో కూర్చున్నాడు బావ. వారం తిరక్కుండా ఆ ఫ్యాను ఊడి ఖాళీ కుర్చీ మీద పడింది. ఇక ఆయనకి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. మా అక్క మాత్రం, "నేను పిలిచిన పిలుపు తప్ప ఊళ్లో అన్నీ వినిపిస్తాయి మీ బావకి" అనేది.

అలాంటి మనిషితో ఆరువందల కిలోమీటర్లు బండి మీద పోవాల్సి వచ్చింది నాకు.

పోదామన్నది డ్రైవరన్న. బావకి చిన్ననాటి స్నేహితుడు, ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపినవాడు. ఆ వానాకాలం ముందు ఉన్నట్టుండి ఉద్యోగం మానేశాడు. విసుగొచ్చిందన్నాడు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, దారిన పోయే బస్సులకేసి చూస్తూ కూర్చునేవాడు. ఎవరైనా వెళ్తే లోపలికి పోయేవాడు. ఒకరోజు నేను బావ కొట్టులో ఉండగా తనే వచ్చి, "సముద్రం దాకా బండ్ల మీద పోదాం. ఈ నెల్లోనే" అన్నాడు.

మీసాలు మొలవకముందు నుంచీ వాళ్లిద్దరూ అనుకుంటున్న ప్రయాణమే అది.

"వానలు తగ్గాక పోదాంలే అన్నా" అన్నాను.

"తగ్గాక నేను రాను" అన్నాడు. మర్నాడే వెళ్లి వానకోటు కొనుక్కున్నాను.

ముగ్గురం మూడు బండ్లు తీశాం. ముందు డ్రైవరన్న, వెనక బావ, ఆ వెనక నేను. పొద్దుటినుంచీ ముసురు. ఆకాశం నేలకి ఆనుకుని ఉంది. రోడ్డు పక్క పొలాల్లో నీళ్లు, ఆ నీళ్లలో మళ్లీ అదే ఆకాశం. అరగంట గడిచిందో లేదో, బావ హారను కొట్టి బండి పక్కకి తీశాడు.

"ఏదో చప్పుడొస్తోంది."

బండి స్టాండు వేసి, స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి, పిడి చెవికి ఆనించి, వానలో గొంతుక్కూర్చున్నాడు. డ్రైవరన్న చేతులు కోటు జేబుల్లో దూర్చుకుని ఓ మైలురాయి మీద కూర్చున్నాడు. పది నిమిషాల తర్వాత బావ లేచి, "ఆగింది" అన్నాడు.

ఇంకో అరగంటకి మళ్లీ వచ్చింది. ఆ తర్వాత మళ్లీ. మధ్యాహ్నానికి ఆరుసార్లు. బస్టాపు రేకు కింద, మూసేసిన బడి ముందు, ఒకచోట శ్మశానం గోడ పక్కన.

"ఇక్కడే ఆపాలా బావా?"

"చప్పుడు చోటు చూసుకుని వస్తుందట్రా?"

సాయంత్రానికి సగం దారైనా గడవలేదు. నా సాక్సులు పిండితే బకెట్టు నిండేలా ఉంది. రెండోరోజు మూడోసారి ఆపేసరికి నేనే నా బండి ఆయనకిచ్చి, ఆయన బండి తాళం లాక్కుని, దగ్గర్లో ఉన్న మెకానిక్ షెడ్డుకి తోలాను. మెకానిక్ అన్నీ విప్పాడు, బిగించాడు, రోడ్డు మీద ఓ చక్కరు కొట్టొచ్చాడు.

"దీనికేం రోగం లేద్సార్. ఇంత శుభ్రంగా నడిచే బండి ఈమధ్య నేను చూళ్లేదు."

నాకు తిక్క రేగింది. బావని షెడ్డు వెనక్కి ఈడ్చుకెళ్లి, "మమ్మల్ని సముద్రం చూడనిస్తావా, ఈ వానలో చంపుతావా?" అని అరిచాను.

బావ నా నోరు మూశాడు. "మెల్లగా మాట్లాడు. మీ డ్రైవరన్నకి వినపడుద్ది."

"వినపడనీ! ఏ చప్పుడూ లేదుగా?"

"లేదు." కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "వాడి కుడిచెయ్యి వణుకుతోందిరా. అరగంట నడిపేసరికి మొదలవుద్ది. బండి ఒకసారి ఎగదన్నుద్ది, ఒకసారి చతికిలబడుద్ది. వెనకనుంచి నాకు తెలుస్తుంది. కాసేపు ఆపితే సర్దుకుంటాడు."

"నీకెప్పుడు చెప్పాడు?"

"చెప్పలేదు. ఆ మధ్య వాచీ బెల్టు మార్పించుకోవడానికొచ్చాడు. బకిలు పెట్టుకోలేకపోయాడు. నేను పెట్టాను. ఆ జబ్బు తగ్గేది కాదుట, వాళ్లావిడని అడిగితే ఏడ్చింది. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపినవాడితో, నీ చెయ్యి వణుకుతోంది కాస్త ఆగరా అని నేనెట్టా అనేది?"

వెళ్లి మెకానిక్ దగ్గర తాళం తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆ తర్వాత బావ ఎన్నిసార్లు ఆపినా, వానని తప్ప ఎవర్నీ తిట్టలేదు.

మూడోరోజు సాయంత్రానికి సముద్రం చేరాం. చూడ్డానికేం లేదు. బూడిదరంగు నీళ్లు, బూడిదరంగు మబ్బు. ముగ్గురం తడి ఇసకలో చాలాసేపు నిలబడ్డాం. డ్రైవరన్న తన బండి తాళం తీసి నాకిచ్చాడు.

"దీన్ని ఏ లారీలోనో ఎక్కించు. ఇక నడపను." బావ వైపు తిరిగాడు. "నీ బండిలో ఏం లేదని నాకు మొదటిసారే తెలిసిందిరా. ఇంజను చప్పుడు నాకు తెలీదా?"

"మరి చెప్పలేదేం?"

"వానలో గొంతుక్కూర్చుని అంత కష్టపడుతుంటే ఏం చెప్పేది?"

బావ సముద్రం వైపు చూస్తూ గట్టిగా చీదాడు. జలుబన్నాడు.

మర్నాడు డ్రైవరన్న బావ బండి వెనక ఎక్కాడు. నేను పక్కనే వస్తున్నాను కాబట్టి అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. "గేరు మార్చు. ఇప్పుడు కాదు. గుంత, గుంత! అయ్యో, పడేశావు. ఆ లారీవాడికి దారివ్వు. హారనున్నదెందుకు?" జీవితంలో ఎవరి మాటా వినని మా బావ, "సరే... సరే..." అంటూ పోతున్నాడు.

పెట్రోలు బంకు దగ్గర ఆగాం. "ఎలా ఉందన్నా ప్రయాణం?" అన్నాను.

"నరకం" అన్నాడు డ్రైవరన్న. "ఇన్నేళ్లొచ్చినా వీడికి క్లచ్ వదలడం రాదు."

"నేర్పరా మరి" అన్నాడు బావ. "ఆదివారాలు కొట్టు మూసే ఉంటుంది. వెనక కూర్చుని చెప్పు."

డ్రైవరన్న ఆయన్ని కాళ్లనుంచి తలదాకా, పాసవ్వని శిష్యుణ్ణి చూసినట్టు చూశాడు. "నీకు రావాలంటే ఎంత లేదన్నా రెండేళ్లు పడుద్ది."

"పట్టనీ" అన్నాడు మా బావ, పెట్రోలు ట్యాంకు మూత బిగిస్తూ. "నేను కాస్త మొద్దుని కూడా. ఇంకో రెండు కలుపుకో."